ఫ్యాన్ మోగితే ఫార్మాట్ కొట్టడమేంటి?

కంప్యూటర్ ఆన్ చేయగానే గర్రుమని చప్పుడు వస్తోందని షాపుకి తీసుకెళ్తే, విండోస్ ఫార్మాట్ చేసి ఇచ్చే అలవాటు ఇంకా పోలేదు. నాకు దీని మీద చాలా కోపం ఉంది. ఈమధ్య మా పిన్ని వాళ్ల సిస్టమ్‌కి ఇదే చేశారు. డీ డ్రైవ్‌లో ఉన్న పిల్లల చిన్నప్పటి ఫొటోలన్నీ పోయాయి. మర్నాడు పొద్దున ఆన్ చేస్తే అదే చప్పుడు.

పవర్ బటన్ నొక్కగానే ముందు నడిచేది విండోస్ కాదు, మదర్‌బోర్డులో ఉన్న బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్. స్క్రీన్ మీద లోగో కూడా రాకముందే మోగే ఫ్యాన్‌కి విండోస్‌తో ఏం పని? ప్లగ్ పీకి, హార్డ్ డిస్క్ వైర్లు తీసేసి, మళ్లీ ఆన్ చేసి చూడండి. ఫ్యాన్ చప్పుడైతే అలాగే వస్తుంది. ఒకవేళ ఆగిపోయిందంటే మోగుతున్నది హార్డ్ డిస్కే. అప్పుడు చేయాల్సింది ఫార్మాట్ కాదు, అందులో ఉన్నదంతా వెంటనే ఇంకోచోటికి కాపీ చేసుకోవడం. అయిదు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా ఒకరి ఫైళ్ల మీద చెయ్యి వేసే హక్కు ఎవరికీ లేదు.

అసలు ముందు వినాలి. చప్పుడు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తగ్గింది? సగం జవాబు అక్కడే ఉంటుంది.

ఆన్ చేసిన కొన్ని సెకన్లు హోరుమని, తర్వాత నెమ్మదిస్తే అది రిపేరే కాదు. నాలుగు పిన్నుల ఫ్యాన్‌లో నాలుగో వైరు ఎంత వేగంతో తిరగాలో చెప్పేది. ఆ వైరు మీద సిగ్నల్ లేనంతసేపు ఫ్యాన్ ఫుల్ స్పీడులోనే తిరుగుతుంది, రెగ్యులేటర్ తీసేసి డైరెక్ట్‌గా కలిపిన సీలింగ్ ఫ్యాన్ లాగా. ప్రాసెసర్ కాలిపోకూడదని అలా తయారు చేశారు. బయోస్ లేచి పగ్గాలు పట్టుకోగానే తగ్గుతుంది. దీనికి ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి.

గరగరమనే శబ్దం వచ్చి, సిస్టమ్ కాస్త వేడెక్కాక తగ్గిపోతోందా? చలికాలం పొద్దున్నే మరీ ఎక్కువగా ఉందా? అయితే బేరింగ్ మీద అనుమానపడాలి. చవక ఫ్యాన్లలో స్లీవ్ బేరింగ్ ఉంటుంది, అందులో నూనె ఆరిపోతుంది. వెనక స్టిక్కరు లేపి ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది. డబ్ల్యూడీ-40 మాత్రం కొట్టకండి, అది ఉన్న కాస్త నూనెనూ కడిగేసి ఆరిపోతుంది. నన్నడిగితే నూనె కంటే కొత్త ఫ్యాన్ మేలు. పాతదాని సైజు 80, 92, 120 మిల్లీమీటర్లలో ఏదో, పిన్నులు మూడో నాలుగో చూసుకుని కొనండి.

ఎంతసేపైనా హోరు తగ్గకపోతే సంగతి వేరు. బయోస్‌లోకి వెళ్లి ప్రాసెసర్ టెంపరేచర్ చూడండి. ఏ పనీ చేయకుండానే 80, 90 డిగ్రీలు చూపిస్తుంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదు, లేదా ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్ట్ ఎండిపోయింది. ఇంటెల్ పాత ప్రాసెసర్లతో వచ్చే కూలర్‌కి నాలుగు మూలలా ప్లాస్టిక్ పుష్ పిన్నులు ఉంటాయి. సీపీయూ డబ్బాని ఆటోలో తీసుకెళ్లే కుదుపులకు అందులో ఒకటి ఊడినా చాలు, ప్రాసెసర్ వేడెక్కిపోతుంది. పాపం ఫ్యాన్ ఎంత తిరిగినా ఏం లాభం?

టెంపరేచర్ మామూలుగానే ఉండి హోరు ఉంటే బయోస్‌లో ఫ్యాన్ సెట్టింగ్ చూడాలి. ఏసస్ మదర్‌బోర్డులో క్యూ-ఫ్యాన్ అనీ, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్ అనీ ఉంటుంది. మూడు పిన్నుల ఫ్యాన్ పెట్టి మోడ్ పీడబ్ల్యూఎమ్‌లో (అంటే నాలుగో వైరు సిగ్నల్‌తో వేగం మార్చేది) వదిలేస్తే అది ఫుల్ స్పీడులోనే తిరుగుతుంది, డీసీకి (వోల్టేజీతో వేగం మార్చేది) మార్చాలి. మార్చిన సెట్టింగ్ మర్నాటికి పోతోందంటే, తేదీ కూడా తప్పు చూపిస్తోందంటే, మదర్‌బోర్డు మీదుండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టే. కరెంటు లేనప్పుడు తేదీని, సెట్టింగుల్ని నిలిపేది అదే. మన ఇళ్లలో రాత్రి గోడ దగ్గర స్విచ్ కట్టేస్తాం కాబట్టి ఇది చాలామందికి వచ్చే సమస్యే. ఈ చిన్న బిళ్ల బ్యాటరీ మార్చకుండా మదర్‌బోర్డు మార్చాలన్న మాట కూడా నేను విన్నాను!

ఏ ఫ్యానో తెలియకపోతే సైడ్ డోర్ తీసి, తిరుగుతున్న ఫ్యాన్ మధ్యలో స్టిక్కరు మీద వేలితో మెల్లగా అదమండి. రెక్కల జోలికి వెళ్లకండి. ఏది ఆగినప్పుడు చప్పుడు ఆగితే అదే. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఇలా నిమిషంలో పట్టేసి, కస్టమర్‌కి చూపించి మరీ మార్చే కుర్రాళ్లను చూశాను. వాళ్లంటే నాకు గౌరవం.

దుమ్ము ఊదేటప్పుడు మాత్రం ప్లగ్ పీకి, రెక్కల్ని పట్టుకుని ఊదండి. బ్లోయర్ గాలికి ఫ్యాన్ విపరీతంగా తిరిగితే బేరింగ్ పోతుంది. చప్పుడు ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా) లోంచి వస్తుంటే మాత్రం దాన్ని ఇంట్లో విప్పొద్దు. ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో కాసేపు 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది. అది తెలిసినవాళ్ల పని.

మీ సిస్టమ్ కూడా ఇలా మోగుతుంటే షాపుకి వెళ్లేముందు ఆన్ చేసి ఫోన్‌లో ఆ చప్పుడు రికార్డ్ చేయండి, డేటా కాపీ తీసుకోండి. ఎప్పుడు మొదలై ఎప్పుడు తగ్గుతోందో కింద కామెంట్‌లో రాస్తే నాకు తెలిసింది చెప్తాను.