ఆశాలు దండగ అంటున్న మెసేజ్‌కు గడ్చిరోలి పల్లెల జవాబు

"ఆశాలూ, ఊరి ఆరోగ్య కార్యకర్తలూ దండగ. వాళ్ళకు వైద్యం ఏం తెలుసు? పసిబిడ్డల ప్రాణాలు వాళ్ళ చేతుల్లో పెట్టడం నేరం. ఆ డబ్బుతో ఆసుపత్రులు కడితే చాలు. అడవి జనం ఎలాగూ చెప్పింది వినరు." ఒకటి రెండు మాటలు అటూ ఇటూ మారి ఈ మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. ఆశాలు జీతాల కోసం రోడ్డెక్కినప్పుడు మరీ ఎక్కువ. చదువుకున్నవాళ్ళు, డాక్టర్లు కూడా ఫార్వర్డ్ చేస్తున్నారు కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

ఆ జవాబు కోసం ఎంతో దూరం పోనక్కర్లేదు. కాళేశ్వరం దగ్గర నది దాటితే సిరొంచ. తెలుగు మాట్లాడేవాళ్ళు ఎందరో ఉన్న తాలూకా. అది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. గోండులు, మాడియాలు ఉండే అడవి జిల్లా. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ 1986లో ఆ జిల్లాలో 'సెర్చ్' అనే ఆరోగ్య సంస్థను మొదలుపెట్టారు.

ముందు "వాళ్ళకు వైద్యం ఏం తెలుసు" అన్న మాట తీసుకుందాం. అక్కడ పసిపిల్లల్ని ఎక్కువగా పొట్టనబెట్టుకున్న జబ్బుల్లో న్యుమోనియా ఒకటి. దాన్ని పట్టుకోవడానికి ఎక్స్‌రే లేకపోయినా ఫరవాలేదు, నిమిషానికి బిడ్డ ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెడితే చాలావరకు తెలిసిపోతుంది. రెండు నెలల లోపు బిడ్డకు అరవై, ఏడాది లోపు బిడ్డకు యాభై దాటితే అనుమానించాలి. మరి అంకెలు రాని మంత్రసాని అరవై దాకా ఎలా లెక్కపెడుతుంది? దానికోసం సెర్చ్ వాళ్ళు ఒక చిన్న పరికరం చేశారు. ఒక నిమిషంలో ఖాళీ అయ్యే ఇసుక గడియారం, పక్కన పూసల వరస. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే ఎర్ర పూస దాకా వచ్చిందంటే న్యుమోనియా అన్నట్టే, మందు మొదలుపెట్టాలి. ఈ పని నేర్చుకున్నవాళ్ళు ఉన్న ఊళ్ళలో న్యుమోనియా చావులు ఎంత తగ్గాయో 1990లో 'లాన్సెట్' అనే వైద్య పత్రికే అచ్చువేసింది. బడికి పోని మనిషి చేతిలో సరైన పనిముట్టు పెట్టి ఓపిగ్గా నేర్పితే రోగం గుర్తుపడుతుందని అప్పుడే రుజువైంది.

ఇక "నేరం" అన్న మాట. ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట. 1990లలో ఆ పల్లెల్లో కాన్పులు దాదాపు అన్నీ ఇళ్ళలోనే. సెర్చ్ 39 ఊళ్ళలో ఐదు నుంచి పది తరగతులు చదివిన ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చింది. వాళ్ళు పురిటింటికి వెళ్ళి బిడ్డను తూచేవాళ్ళు, జ్వరం చూసేవాళ్ళు, పుట్టగానే ఊపిరి అందని బిడ్డకు ఊపిరి పోసేవాళ్ళు. సెప్సిస్, అంటే బిడ్డ ఒంటినిండా పాకే ఇన్ఫెక్షన్‌ను పోల్చుకోవడానికి ఏడు గుర్తులు నేర్పారు: ఏడుపు సన్నగిల్లడం, పాలు సరిగా చీకకపోవడం, కాళ్ళూ చేతులూ వేలాడేయడం, ఒళ్ళు చల్లబడటం లేదా కాలిపోవడం, పొట్ట ఉబ్బడం లేదా వాంతులు, డొక్కలెగరేయడం, బొడ్డులో చీము. వీటిలో ఏ రెండు ఒకేసారి కనబడ్డా ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళమనేవాళ్ళు. అమ్మానాన్నలు ఆసుపత్రికి వెళ్ళలేమంటే, వాళ్ళ అనుమతితో ఇంట్లోనే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్, నోటి మందు.

ఈ వైద్యం మొదలుకాక ముందు సెప్సిస్ వచ్చిన పసిగుడ్డుల్లో నూటికి 16.6 మంది చనిపోయేవాళ్ళు. మొదలయ్యాక అది 2.8కి దిగింది. ఇప్పుడు చెప్పండి, ఆ సూది వేయడం నేరమా, వేసే మనిషి లేకపోవడం నేరమా?

"ఆసుపత్రులు కడితే చాలు" అనేవాళ్ళు గమనించాల్సింది ఇంకోటి ఉంది. ఆ 39 ఊళ్ళతో పోల్చడానికి అదే ప్రాంతంలో మరో 47 ఊళ్ళను చూశారు. రెండు చోట్లా ఉన్నది అదే సర్కారీ వైద్యం. కార్యకర్తలున్న ఊళ్ళలో నెలలోపు శిశు మరణాలు వెయ్యికి 62 నుంచి 25కు పడిపోయాయి. రెండోచోట దాదాపు మార్పు లేదు. 1999 నాటి 'లాన్సెట్' వ్యాసంలో లెక్క ఇది. ఖర్చు ఒక్కో బిడ్డకు 5.3 డాలర్లు.

ఆసుపత్రులు వద్దని నేననడం లేదు. కావాలి, ఇంకా కావాలి. మన నాగర్‌కర్నూల్ ప్రాంతంలో జరిగిన ఇలాంటి అధ్యయనంలో ఊరి కార్యకర్తలు, ఆడవాళ్ళ సమావేశాలతో పాటు ఆసుపత్రి వైద్యం కూడా అందేలా చూస్తే పసికందుల చావులు తగ్గాయి. కానీ ఇప్పుడు కాన్పు ఆసుపత్రిలో అయినా రెండు మూడు రోజులకు తల్లీబిడ్డా ఇంటికొచ్చేస్తారు. మిగతా ఇరవై అయిదు రోజులూ ఆ బిడ్డను ఎవరు చూడాలి?

అడవి జనం వినరన్నది శుద్ధ అబద్ధం. సెర్చ్ వాళ్ళు ఆ జనాన్ని అడిగి, వాళ్ళ గుడిసెల తీరులోనే ఆసుపత్రి కట్టి, వాళ్ళు కొలిచే దంతేశ్వరి తల్లి పేరు పెట్టారు. జనం వచ్చారు. అదే జిల్లా ప్రజలు ఉద్యమం చేసి 1993లో మద్యనిషేధం సాధించుకున్నారు. వినకపోవడం కాదది, వాళ్ళ మాట ఎవరూ వినకపోవడం.

ఆ మెసేజ్‌లో కాస్త నిజం ఉంటే అది ఒక్కటే: శిక్షణ సరిగా లేకుండా, పైన చూసేవాళ్ళు లేకుండా కార్యకర్తను ఊళ్ళో వదిలేస్తే పని జరగదు. ఆ తప్పు ఆమెది కాదు. గడ్చిరోలి పద్ధతినే 2011లో కేంద్రం ఆశాలకు అప్పగించింది. కాన్పు ఆసుపత్రిలో అయితే ఆరుసార్లు, ఇంట్లో అయితే ఏడుసార్లు, 42 రోజుల్లో ఆ గడప తొక్కాలి. అన్ని సార్లకూ కలిపి ఆమెకు పెట్టిన ప్రోత్సాహకం 250 రూపాయలు. ఇంజెక్షన్ వేసే పని ఆమెకు ఇవ్వలేదు కాబట్టి, ప్రమాద గుర్తు పట్టుకున్నాక ఆమె ముఖ్యంగా చేయాల్సింది బిడ్డను ఆసుపత్రికి పంపడం. అందుకే అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఆమె సంచిలో థర్మామీటర్ పనిచేస్తోందా, తూకం సరిగా ఉందా, అర్ధరాత్రి ఆమె పంపిన పసిబిడ్డను చేర్చుకోవడానికి పీహెచ్‌సీలో మనిషి ఉన్నాడా.