చెకప్‌కి రాలేదని తల్లి పేరు ఎదుట ఇంటూ మార్కు పెట్టే ముందు

ఆస్ట్రేలియాలో అబొరిజినల్, అంటే అక్కడి ఆదివాసీ తల్లీబిడ్డల ఆరోగ్యం మీద పరిశోధన అనగానే చాలామంది మొదట తెరిచేది తల్లి అలవాట్ల చిట్టా. సిగరెట్ తాగుతుందా, ఎన్ని చెకప్‌లు ఎగ్గొట్టింది... ఒళ్ళు మండేది ఇక్కడే. ఎందుకు ఎగ్గొట్టిందో ఆసుపత్రిని అడగరే?

మన దగ్గర తొలికాన్పుకి పుట్టింటికి తీసుకెళ్తారు. అక్కడ నార్తర్న్ టెరిటరీ మారుమూల ఊళ్ళలో తంతు తలకిందులు. 38వ వారం దగ్గర పడగానే సొంతవాళ్ళను వదిలి డార్విన్‌కో ఆలిస్ స్ప్రింగ్స్‌కో పోవాలి, నొప్పులొచ్చేదాకా హాస్టల్లో పడి ఉండాలి. పెద్దపిల్లల్ని ఎవరు చూస్తారు? దానికి తోడు, ఆసుపత్రి గడప తొక్కితే బిడ్డను లాక్కుంటారన్న భయం. ప్రభుత్వమే పిల్లల్ని ఎత్తుకుపోయిన చరిత్ర 1997 నాటి విచారణ నివేదికలో అచ్చయి ఉంది. మన ఎక్సెల్ షీటులో ఈ భయానికి గడి లేదు, ‘ఆలస్యంగా వచ్చింది’ అన్నదానికి మాత్రం ఉంది.

బ్రిస్బేన్‌లో 2013లో మొదలైన ‘బర్తింగ్ ఇన్ అవర్ కమ్యూనిటీ’ అనే కాన్పు సేవను చూడండి. మొదటినుంచీ తెలిసిన మిడ్‌వైఫ్, తోడుగా అబొరిజినల్ కుటుంబ సహాయకులు, రానుపోను బండి, పెత్తనంలో వాళ్ళ సొంత ఆరోగ్య సంస్థలు. 2019లో వచ్చిన ఫలితాల్లో నెలలు నిండని కాన్పులు అక్కడ 6.9 శాతం, మామూలు సేవల్లో 11.6. తల్లుల్ని చీటీలు తీసి రెండు గుంపులుగా పంచిన పరీక్ష కాదు కాబట్టి తేడా అంతా సేవదే అనలేం. అయితే రెండు గుంపుల మధ్య ముందే ఉన్న తేడాల్ని గణితంతో సర్ది చూసినా ఫలితం నిలిచింది.

లెక్కల్లో ఇంకో కంత. కాన్పు రికార్డుల్లో చాన్నాళ్ళు జాతి వివరం తల్లిదే రాసుకునేవారు. తండ్రి అబొరిజినల్, తల్లి కాదు అంటే బిడ్డ జాబితాలోంచి మాయం. ఒంటిరంగు చూసి కౌంటర్ దగ్గరే ఊహించి రాసేస్తే మరీ ఘోరం. వచ్చిన ప్రతి తల్లినీ అడగాలి, తన గురించీ బిడ్డ గురించీ విడివిడిగా.

కాన్పు ముందూ తర్వాతా తల్లికి మానసిక కుంగుబాటు ఉందేమో చూసే ప్రశ్నల పట్టిక ఎడిన్‌బరో స్కేలుదీ అదే గోల. పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజులు, 0 నుంచి 30 మార్కులు. ఆరో ప్రశ్న అచ్చంగా ఇంగ్లీషు నుడికారం, ఆస్ట్రేలియా వాయవ్య మూల కింబర్లీ ప్రాంతపు తల్లికి అది ఏం చెప్తుంది? అందుకే అక్కడి ఆడవాళ్ళు, ఆరోగ్య కార్యకర్తలు కలిసి ప్రశ్నల్ని తమ మాటల్లోకి, బొమ్మల్లోకి మార్చుకున్నారు. అలా మార్చిన స్కేలు రెండో భాగంలో మార్కులే లేవు. ‘యార్న్’, అంటే నింపాదిగా కూర్చుని కబుర్లు: ఇల్లు, మొగుడు, చిన్నతనం, అండగా ఎవరున్నారు. రెండూ కలిపి చూసి నిర్ణయిస్తారు. పది నిమిషాల్లో పది టిక్కులు పెట్టించుకుపోయేవాళ్ళకు ఇది నచ్చదు, తెలిసిందే.

అక్కడ పబ్లిక్ హెల్త్ చదువుతూ ఈ అంశం ఎంచుకునే మన పిల్లలకు ఒక మాట. ప్రశ్నాపత్రం అచ్చు కొట్టించుకుని మద్దతు లేఖ కోసం పరిగెత్తకండి. ప్రశ్న పుట్టకముందే ఆ ఊరి ఆరోగ్య సంస్థ దగ్గరికి వెళ్ళండి. న్యూ సౌత్ వేల్స్‌లో అయితే అబొరిజినల్ ఎథిక్స్ కమిటీ అనుమతి వేరే కావాలి. స్థానిక పరిశోధకుల జీతం, తల్లుల రాకపోకల ఖర్చు బడ్జెట్లో మొదటి పద్దులుగా రాయండి. డేటా ఎవరి దగ్గర ఉంటుందో, అచ్చుకి ముందు ఎవరు చదువుతారో కాగితం మీద పెట్టండి. ఊళ్ళో చావు జరిగితే వారాల తరబడి ఇంటర్వ్యూలు ఆగుతాయి, ఆగాలి కూడా. ఒక్క సెమిస్టర్ చేతిలో ఉంటే వేరే అంశం చూసుకోండి.