సంతకానికి పూచీ ఎవరిది?

సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి.రామలింగరాజు 2009 జనవరి 7న డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖలోని అంకెలు చాలామందికి గుర్తే. 2008 సెప్టెంబరు 30 నాటికి నగదు, బ్యాంకు నిల్వలుగా పద్దుల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల్లో 5,040 కోట్లు లేనే లేవని, ఆ త్రైమాసికంలో 649 కోట్లుగా ప్రకటించిన నిర్వహణ లాభం నిజానికి 61 కోట్లేనని ఆయన స్వయంగా ఒప్పుకున్నారు. మొదట్లో స్వల్పంగా ఉన్న తేడా ఏళ్లు గడిచేకొద్దీ అదుపు తప్పిందనీ, పులి మీద స్వారీలా మారి దిగే దారి దొరకలేదనీ వాపోయారు. ఆ పులికి జీను వేసిందెవరో మాత్రం ఆ వాక్యంలో లేదు. లెక్కల్లో తేడా దానంతటది పెరగదు. మూడు నెలలకోసారి ఎవరో ఒకరు బల్ల ముందు కూర్చుని దాన్ని పెంచాలి.

ఎలా పెంచారో సీబీఐ దర్యాప్తులో బయటపడింది. బిల్లుల నమోదు వ్యవస్థలో 7,561 దొంగ ఇన్‌వాయిస్‌లు దొరికాయి. బిల్లు పక్కన ‘హెచ్’ అనే గుర్తు పెడితే అది ప్రాజెక్టు విభాగాల వారికి కనిపించదు, ఆదాయంలో మాత్రం కలుస్తుంది. అంటే ఏడు వేల అయిదు వందల సార్లకు పైగా ఆ మీట నొక్కిన వేళ్లు ఉన్నాయి. పైవాళ్లు చెప్పారు, చేశాం అన్న జవాబు మన కార్యాలయాల్లో ఎంత సులువుగా చెల్లుబాటవుతుందో తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

ఆడిటర్ల సంగతి ఇంకా విచిత్రం. కంపెనీ చెప్పిన నిల్వ నిజంగా ఉందో లేదో తేల్చడానికి ఆడిటరు తానే బ్యాంకుకు లేఖ పంపి, జవాబును తన కార్యాలయానికే తెప్పించుకోవాలన్నది ఆ వృత్తిలో తొలి పాఠం. ఆ లేఖలు పంపే పనినీ, జవాబులు అందుకునే పనినీ కంపెనీకే వదిలేశారని అమెరికా సెక్యూరిటీల నియంత్రణ సంస్థ తప్పుపట్టి, 2011లో సత్యం ఆడిటర్లయిన ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలపై 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఒక కవరు, ఒక తపాలా బిళ్ల ఖర్చుతో తేలాల్సిన నిజం వేల కోట్లు మునిగాక గానీ తేలలేదు.

108 అంబులెన్సు సేవకు 2005లో నాంది పలికిందీ రామలింగరాజే. ఎన్నో ప్రాణాలు కాపాడిన ఆ సేవ విలువను తగ్గించి చూడలేం. అయితే ఆ పద్దు వేరు, ఈ పద్దు వేరు. దానధర్మాలు చేసేవారి లెక్కలను అడగడం అమర్యాద అనుకునే అలవాటు మన సమాజంలో ఉంది. మోసం దాక్కోవడానికి అదీ ఒక చాటు అవుతోంది.

2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలుశిక్ష విధించగా, మరుసటి నెలలోనే పై న్యాయస్థానం ఆ శిక్షను నిలిపివేసి బెయిలు మంజూరు చేసింది. ఈలోగా 2013 కంపెనీల చట్టం ఆడిటర్ల మార్పిడిని తప్పనిసరి చేసింది, మోసం కంటబడితే ఆడిటరు కేంద్రానికి తెలియజేయాలంది. ఇవి మంచి మార్పులే. కానీ ఇవన్నీ సంతకం చేసే పెద్దల గురించినవి. మీట నొక్కమన్నప్పుడు కాదనాల్సిన గుమస్తాకు అండ ఎక్కడుందన్నదే మా ప్రశ్న.

కుంభకోణం బయటపడటానికి కొద్ది వారాల ముందు, 2008 డిసెంబరులో, సత్యం స్వతంత్ర డైరెక్టరు ఒకరికి మారుపేరుతో ఒక ఈమెయిల్ వచ్చింది. లోపలి సంగతులు తెలిసినవారెవరో ధైర్యం చేశారు గానీ, సొంత పేరు పెట్టుకునేంత భరోసా వారికి లేకపోయింది. స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలు ఉద్యోగుల ఫిర్యాదులకు ఒక యంత్రాంగం పెట్టాలని 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ చెబుతోంది. అయితే లెక్కల తనిఖీని పర్యవేక్షించే ఆడిట్ కమిటీ అధ్యక్షుడిని నేరుగా కలిసే వీలును మాత్రం తగిన లేదా అసాధారణ సందర్భాలకే పరిమితం చేసింది. ఏ సందర్భం అసాధారణమో తేల్చే అధికారం యాజమాన్యం చేతిలో పడితే ఫిర్యాదుకు అర్థమే ఉండదు. ఆ షరతును పార్లమెంటు తొలగించాలి. కమిటీ అధ్యక్షుడి చిరునామాను ప్రతి ఉద్యోగి నియామక పత్రంలోనే ముద్రించాలి.