సెప్టెంబరు 17 ఎవరి పండుగ?

ఆగస్టు 15 అనగానే మనందరి కళ్ల ముందూ బడి ఆవరణ మెదులుతుంది. జెండా కర్ర చుట్టూ ముగ్గు, చొక్కాకి పిన్నుతో గుచ్చిన కాగితం జెండా, చివర్లో చేతిలో పడే రెండు చాక్లెట్లు. 1947లో అదే రోజున నల్లగొండలోనో వరంగల్‌లోనో మూడు రంగుల జెండా ఎగరేస్తే జైలుకి పోవాల్సిందే. అప్పటికి తెలంగాణ హైదరాబాద్ సంస్థానంలో ఉంది. దాని రాజు నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ తన సంస్థానం ఇండియాలో కలవదన్నాడు, హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను ఆ రోజే అరెస్టు చేశారు. మూడు వారాలైనా గడవకముందే, సెప్టెంబరు 2న, పరకాలలో జెండా ఎగరేద్దామని వచ్చిన జనం మీద తుపాకులు పేల్చారు.

తెలంగాణకు స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చిందని అడిగితే అందరూ ఒకే జవాబు చెప్పకపోవడానికి కారణం ఈ చరిత్రే.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోతున్నట్టు ప్రకటించాడు. ఇంతవరకూ గొడవ లేదు. ఆ రోజుని ఏమని పిలవాలన్న దగ్గరే గొడవంతా. నిజాం పక్షాన ఊళ్ల మీద పడ్డ సాయుధ దళాలైన రజాకార్ల చేతిలో ఇంటి మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లకి అది విమోచనం. బైరాన్‌పల్లి బురుజు ముందు నిలబడి, 1948 ఆగస్టు 27న రజాకార్లు ఆ ఊరివాళ్లని ఎలా చంపారో విన్నవాళ్లెవరూ ఆ మాట తప్పనలేరు. కానీ లొంగిపోయిన రాజుని ఎవరూ గద్దె దింపలేదు కదా, రాజ్యాంగం వచ్చాక కూడా 1956 దాకా ఆయనే రాజప్రముఖ్‌గా, అంటే గవర్నరు లాంటి పదవిలో ఉన్నాడు, కాబట్టి ఇది విలీనమే అంటారు ఇంకొందరు. కడవెండిలో 1946లో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి దొరల మీద పోరాడిన రైతుకూలీల సంగతి వేరు. నిజాం పోయాడు అనుకునేలోపే అదే సైన్యం వాళ్ల మీదికి మళ్లింది, 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా అడవుల్లో, జైళ్లలో మనుషులు చచ్చిపోతూనే ఉన్నారు. వాళ్ల వారసులు విద్రోహం అంటే తప్పేముంది?

ఇంకొకరి దుఃఖం కూడా ఉంది, దాన్ని ఏ వేదిక మీదా ఎవరూ ఎత్తరు. సైనిక చర్య తర్వాత మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో వేల మంది సామాన్య ముస్లింలను చంపేశారు. రజాకార్లతో ఏ సంబంధమూ లేనివాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని రాసింది. ఆ నివేదికని దశాబ్దాల పాటు జనానికి చూపించలేదు.

ఇన్ని గాయాలున్న రోజుని ఒక్క మాటలో కుదించాలని చూస్తే ఏమవుతుందో 2022లో చూశాం. ఒకే ఉదయం పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం విమోచన దినోత్సవం చేసింది, పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్రం జాతీయ సమైక్యతా దినోత్సవం చేసింది. ప్రభుత్వం మారింది, 2024లో అది ప్రజాపాలన దినోత్సవం అయింది. అంతకుముందు ఎన్నో ఏళ్లు మన ప్రభుత్వాలు ఆ రోజుని పట్టించుకోనే లేదు, అదే సంస్థానంలో ఉండి ఇప్పుడు మహారాష్ట్ర, కర్ణాటకలో ఉన్న జిల్లాలు మాత్రం అధికారికంగా జరుపుకుంటూ వచ్చాయి.

ఇలాంటి చిక్కు తెలంగాణ ఒక్కదానిదే అనుకోవద్దు. జూన్ 2 తెలంగాణలో సంబరం, ఆంధ్రప్రదేశ్‌లో అదే తేదీన 2014 తర్వాత కొన్నేళ్లు, విభజన దెబ్బ నుంచి కోలుకుంటామంటూ నవ నిర్మాణ దీక్ష చేశారు. నవంబరు 1 ఆంధ్రప్రదేశ్ పుట్టినరోజు, తెలంగాణ ఉద్యమంలో తిరిగినవాళ్లకి మాత్రం అది నల్లజెండాలు పట్టిన రోజు, గోదావరి ఒడ్డునే ఉన్న యానాంలో ఫ్రెంచి పాలన నుంచి బయటపడ్డ రోజు. పేరు గురించి కొట్టుకుంటున్నామంటే ఆ గతం మనకి ఇంకా నొప్పి పెడుతోందనే అర్థం, దానికి సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

మాకు కోపం తెప్పిస్తున్నది వేరే. ఈ పేర్ల గొడవలో ఊళ్లే కనపడకుండా పోతున్నాయి. ఆ రోజుల్ని కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా ఒకరో ఇద్దరో మిగిలారు. వాళ్ల మాట రికార్డు చేసేవాడు లేడు, హైదరాబాద్‌లో మాత్రం స్టేజీ, షామియానా, లైవ్ టెలికాస్ట్.

ప్రభుత్వాన్ని మేం అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. వచ్చే సెప్టెంబరు 17న ఏ పేరైనా పెట్టుకోండి, జెండా మాత్రం బైరాన్‌పల్లిలో ఎగరేయండి. ఆ మరుసటేడు పరకాలలో, ఆ తర్వాత కడవెండిలో. సుందర్‌లాల్ నివేదికని తెలుగులో అచ్చేసి ప్రతి హైస్కూల్ లైబ్రరీకి పంపండి. మంత్రులు కింద కూర్చోండి, మైకు ఆ ఊరి ముసలమ్మకి ఇవ్వండి, ఆమె ఎంతసేపు మాట్లాడితే అంతసేపు.