తుక్కు మీద చెయ్యి వేయకండి

అనంతపురం జిల్లా పారిశ్రామిక వాడల్లో ఈ మధ్య ఒక ప్రమాదకరమైన ధోరణి తలెత్తింది. కొందరు కుర్ర ఇంజనీర్లు ఎక్కడెక్కడో శిక్షణ పొంది వచ్చి, ఇనుప భాగాలు తయారుచేసేటప్పుడు ముడిసరుకు వృథా తగ్గించాలంటున్నారు. మొగ్గలోనే తుంచకపోతే రేపు లేత్ (ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే మిషన్) షెడ్ల వెనక తుక్కుతో నిండిన డ్రమ్ములు కనిపించవు. నోరులేని తుక్కు తరఫున నాలుగు మాటలు చెప్పక తప్పడం లేదు.

ముందు వాళ్ళ వాదన విందాం. 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి ఇనుప రాడ్ ఉందనుకోండి. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుందని ఫ్యాబ్రికేషన్ షాపులో టీ తెచ్చే పిల్లాడికి కూడా తెలుసు. మీటరు 15 కిలోల 400 గ్రాములు. అందులో 100 మి.మీ. ముక్క కోస్తే కిలోన్నర పైచిలుకు. డ్రాయింగులో అడిగింది ఏమిటంటే, ఒక చివర 20 మి.మీ. మేర యాభై సైజు తల, మిగతా 80 మి.మీ. పొడవునా 25 సైజు కాడ. లేత్ చక్‌లో (ముక్కను పట్టి తిప్పే దవడల్లో) బిగించి, కోసే టూలు ఆనించి గీకుతూ పోతే 900 గ్రాములకు పైగా నీలంగా మాడిన చుట్టలు కింద పడతాయి. చేతికొచ్చే జాబ్ (తయారైన ముక్క) బరువు 600 గ్రాములు, కొంచెం అటూ ఇటూ. నూటికి అరవై వంతులు డ్రమ్ము పాలు.

దీనికి కుర్రాళ్ళు చెప్పే మందు: 25 సైజు రాడే కొని, తల దగ్గర కాలర్ (ఇనుప కడియం) తొడిగి వెల్డింగ్ పెడితే సరిపోదా? వేల సంఖ్యలో ఆర్డరైతే ఫోర్జింగ్ (కాల్చిన ఇనుమును కొట్టి ఆకారానికి తేవడం) చేయించి, సైజుకు దగ్గరగా వచ్చిన ముక్కనే లేత్‌కు ఎక్కిస్తే సరిపోదా?

సరిపోతుంది. వచ్చిన చిక్కల్లా అదే. సాయంత్రం దాకా సాగాల్సిన పని మధ్యాహ్నానికే అయిపోతుంది. ఆగిన లేత్‌ను చూసి వచ్చినవాడల్లా "ఏమప్పా, ఆర్డర్లు ల్యావా?" అని పరామర్శిస్తాడు. ఆ పరువు నష్టాన్ని ఏ ఖాతాలో రాసుకోవాలి?

అసలు తుక్కు విషయంలో అర్థం చేసుకోవాల్సింది దాని ఆర్థికశాస్త్రం. రాడ్ కొనేటప్పుడు పోయేది కంపెనీ డబ్బు. బ్యాంకు అప్పు, బిల్లు, 18 శాతం జీఎస్టీ, అన్నీ పద్ధతిగా ఉంటాయి. అదే ఇనుము చుట్టలై అమ్ముడుపోయేటప్పుడు వచ్చేది చేతి డబ్బు. కొన్న ధరలో సగం కూడా రాదు, నిజమే. కానీ ఆ సగం లోపు సొమ్ములో ఉన్న స్వేచ్ఛ కొన్న సొమ్ములో ఉందా? ఆయుధపూజకు మిషన్లకు పూలదండలు, గుమ్మడికాయలు, బొరుగులు, స్వీటు పొట్లాలు ఎక్కణ్ణించి వస్తాయి? తుక్కు తగ్గించమనేవాడు దసరా మీద దాడి చేస్తున్నాడని గ్రహించాలి. ప్రభుత్వానికి ఈ స్వేచ్ఛ మీద ఎప్పటినుంచో కన్ను ఉంది. 2024 అక్టోబరు నుంచి, రిజిస్ట్రేషన్ లేనివాళ్ళ దగ్గర లోహపు తుక్కు కొంటే కొన్నవాడే జీఎస్టీ కట్టాలని రూలు తెచ్చింది. చుట్టలకూ చట్టం వచ్చింది. కలికాలం.

మన యజమానులకు పొదుపు తెలియదని మాత్రం ఎవరూ అనకండి, కళ్ళు పోతాయి. రాడ్ల డీలరు దగ్గర కిలోకు అర్ధ రూపాయి తగ్గించడానికి ఒక పూటంతా కూర్చుని మూడు టీలు తాగగల ఓర్పు వాళ్ళది. స్టీలు ధర పెరిగిందన్న వార్త రాగానే ఒక షెడ్డులో జరిగిన సంస్కరణలు చూడండి. చేతి గ్లౌజులు వారానికి జత నుంచి నెలకు జత. గోడ ఫ్యాను బంద్. పొద్దున టిఫిన్‌కు తెప్పించే ఉగ్గాని పొట్లంలో రెండు బజ్జీలకు బదులు ఒకటే బజ్జీ. ముప్పై ఏళ్ళ సర్వీసున్న టర్నర్ (లేత్ నడిపేవాడు) పొట్లం విప్పి, అటూ ఇటూ కదిపి, పక్కవాడితో అన్నాడు: "రెండో బజ్జీని లేత్ మీద పట్టించినారేమోప్పా, చూడు, కింద చుట్టల్లో దొరుకుతాదేమో."

ఆ షెడ్డులోనే, సన్నని కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ యజమాని గదిలోని బీరువాలో ఉంటుంది. ఖరీదైన వస్తువు, కిందపడితే పాడవుతుందని భద్రత. తాళం ఆయన నడుముకు. మొదటి ముక్క చేసి కొలిచి, సరిగా ఉందనుకున్నాకే మిగతావి చేయాలన్నది ఈ వృత్తిలో ఓనమాలు. అయితే ఆరోజు తాళం తాడిపత్రిలో పెళ్ళికి వెళ్ళింది. టర్నర్‌కు అనుభవం ఉంది, స్టీలు స్కేలు ఉంది, "కానీయప్పా, సాయంత్రం లారీ వస్తాది" అన్న సూపర్‌వైజర్ ఫోను ఉంది. రెండు వందల బుష్‌లు (నడుమ బోరు, అంటే రంధ్రం, ఉన్న గొట్టం ముక్కలు) తయారయ్యాయి. లోపలి బోరు పావు మిల్లీమీటరు పెద్దది. బయటి సైజు పెద్దదైతే ఇంకో కోత కోసి సరిచేయొచ్చు. బోరు పెద్దదైతే గీకిన ఇనుమును మళ్ళీ లోపలికి పిలవలేం. రెండు వందలూ డ్రమ్ములోకి వెళ్ళాయి. వెర్నియర్ మాత్రం చెక్కుచెదరలేదు, ఇప్పటికీ కొత్తదానిలా మెరుస్తోంది.

కోతల సంగతి కొస్తే, రాడ్ పొడవు ఆరు మీటర్లు. ఇనుము కోసే చాప్‌సా చక్రం ప్రతి కోతకూ మూడు మిల్లీమీటర్లు తింటే 100 మి.మీ. ముక్కలు 58 వస్తాయి. ఒకటిన్నర మిల్లీమీటరే తినే బ్యాండ్‌సా (పట్టీ రంపం) అయితే 59. రాడ్‌కో ముక్క లాభమని కుర్రాళ్ళు ఎగురుతున్నారు. కోసినప్పుడు కొంత పోవడం లోకసహజం నాయనా. 2022 ఏప్రిల్‌లో మా జిల్లానే కోసి పెనుకొండను, హిందూపురాన్ని, అక్కడి కార్ల ఫ్యాక్టరీతో సహా శ్రీ సత్యసాయి జిల్లాలో కలిపారు. బ్లేడు మందం ఎంత పోయిందని మేమెవరమైనా అడిగామా?

షీటులోంచి గుండ్రటి బిళ్ళలు కొట్టడంలోనూ ఇదే రాద్ధాంతం. బిళ్ళ పక్కన బిళ్ళ, బిళ్ళ కింద బిళ్ళ వరుసగా పేరిస్తే, లెక్క ప్రకారం షీటులో నూటికి 78 పాళ్ళే పనికొస్తుంది. రెండో వరుసను కాస్త జరిపి పైవరుస సందుల్లో ఇరికిస్తే 90 దాకా పోతుంది. ఆ జరపడానికి డబ్బు ఖర్చు లేదు, కొత్త మిషన్ అక్కర్లేదు. అందుకే ఎవరూ చేయరు. ఖర్చు లేని సలహాకు విలువెక్కడిది?

డ్రాయింగు గీసేవారిని మాత్రం నేను శిరసు వంచి గౌరవిస్తాను. గేటు బందులో పడే చీలకు కూడా మిల్లీమీటరులో వందో వంతు టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) రాసేంత దూరదృష్టి వాళ్ళది. పాత డ్రాయింగులోంచి ఆ అంకె కాపీ అయివుంటుందని గిట్టనివాళ్ళు అంటారు. ఆ అంకె పుణ్యాన గేటుకు నిక్షేపంగా సరిపోయే చీలలు తనిఖీలో ఫెయిలై, డ్రమ్ముకు చేరుతున్నాయి. ఏ సరుకు తుక్కవుతుందో చాలావరకు ఏసీ గదిలో ఆ గీత దగ్గరే తేలిపోతుంది. తిట్లు మాత్రం టర్నర్‌కు, అదీ నెలకు ఒకే జత గ్లౌజులతో.

డ్రమ్ము గురించి కూడా ఒక మాట. ఇనుము, ఇత్తడి, అల్యూమినియం వేరువేరుగా పోస్తే ధర ఎక్కువ వస్తుందని, ఇత్తడి ఇనుముకన్నా ఎన్నో రెట్లు పలుకుతుందని చెబుతున్నారు. మా షెడ్లలో అన్నీ ఒకే డ్రమ్ములో, కూలెంటు (కోత వేడిని చల్లార్చే) నీళ్ళలో కలిసిమెలిసి ఉంటాయి. ఊళ్ళో ఎక్కడా కుదరని సామరస్యం అక్కడొక్కటే కుదిరింది. దాన్నీ చెడగొట్టమంటారా?

వృథాను సున్నాకు తేవడం సాధ్యమా అని అడిగేవారిని పక్క జిల్లాకు పంపాలి. కడప ఉక్కు కర్మాగారానికి 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో ఇంకోసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. ఆ పదహారేళ్ళలో అక్కడ కిలో ఉక్కు కరగలేదు కాబట్టి గ్రాము తుక్కు రాలేదు. శిలాఫలకాలకు పోయిన బండల లెక్క అడగకండి, ఇది లోహాల వ్యాసం. టయోటాలో పనిచేసిన తైచీ ఓనో ఏడు రకాల వృథాలు గుర్తించాడు: అవసరానికి మించిన ఉత్పత్తి, రవాణా, నిల్వ, అనవసర కదలిక, అక్కర్లేని పని, లోపాలు, ఎదురుచూపు. కడపవాళ్ళు ఆరింటిని జయించారు. ఏడోది ఒక్కటే మిగిలింది.

చివరికి కుర్రాళ్ళ పోరు పడలేక ఒక యూనిట్‌లో వృథా నివారణ కమిటీ వేశారు. మొదటి సమావేశంలోనే ఏకగ్రీవ తీర్మానం: గేటు పైన "వృథా అరికడదాం" అని స్టెయిన్‌లెస్ స్టీలు అక్షరాలు పెట్టాలి. ఎనిమిదడుగులకు నాలుగడుగుల కొత్త షీటు తెప్పించారు. కాగితం మీద అక్షరాల ఎత్తు 30 అని ఉంది. రాసినాయన ఉద్దేశం సెంటీమీటర్లు. లేజర్ మిషన్‌కు మిల్లీమీటర్లు తప్ప తెలియదు. బొటనవేలంత అక్షరాలు తెగి వచ్చాయి, అవీ షీటుకు సరిగ్గా నట్టనడుమ. ఇంకో షీటు కొన్నారు. నడుమ చిల్లులు పడిన మొదటి షీటునూ, ఆ బుల్లి అక్షరాలనూ ఇనుప చుట్టల మీదే పడేశారు. తుక్కు కొట్టాయన వచ్చి అంతా కలిపి మామూలు ఇనుము రేటుకే తూకం వేసుకుని, ఆటోలో సర్దుకుంటూ ఎంతో వినయంగా అడిగాడు: "ఇంగా ఏమన్నా బోర్డులు రాయిస్తారా సామీ?"