చెన్నై ఎండకు తట్టుకుంటేనే సోలార్ సెల్

మొన్న చెన్నై శివార్లలో ఓ ఇంజినీరింగ్ కాలేజీ ప్రాజెక్టుల ప్రదర్శనకు వెళ్లాను. నెల్లూరు, గూడూరు పిల్లలు నలుగురు మందార పూల రసంతో సోలార్ సెల్ చేసి పెట్టారు. రెండు గాజు పలకలు, మధ్యన టైటానియం డయాక్సైడ్ పూత, టింక్చర్ రంగులో ఓ చుక్క అయోడిన్ ద్రావణం, పలకలు విడిపోకుండా రెండు బైండర్ క్లిప్పులు. మల్టీమీటర్‌లో అంకె కదలగానే చప్పట్లు. ‘రేపటికి ఉంటుందా బాబూ?’ అని అడిగాను. ‘ఎగ్జామినర్ పదకొండింటికి వస్తారు అంకుల్, అప్పటిదాకా ఉంటే చాలు’ అన్నాడు ఒకడు.

వాణ్ని తప్పు పట్టను. ఈ రంగంలో పెద్దలు చేస్తున్నదీ దాదాపు అదే.

1991లో స్విట్జర్లాండ్‌లోని లుసాన్‌లో మైఖేల్ గ్రెట్జెల్, బ్రయాన్ ఒరీగన్ ఈ డై సెన్సిటైజ్డ్ సెల్‌ను, అంటే వెలుతురును రంగుతో పట్టి కరెంటుగా మార్చే సెల్‌ను, ప్రపంచానికి చూపించారు. అప్పుడు సామర్థ్యం, అంటే పడిన వెలుతురులో కరెంటుగా మారే వాటా, 7 శాతం పైచిలుకు. దాన్ని 10 శాతానికి చేర్చిన, రుథేనియం అనే లోహంతో చేసిన రంగుల వెనుక మన ఉస్మానియాలో కెమిస్ట్రీ చదివిన నజీరుద్దీన్ చేయి ఉంది. ఇప్పుడది 15 శాతం దాటింది, గది వెలుతురులో అయితే 30 శాతం. పాయింటు పెరిగినప్పుడల్లా వార్తే. ఆ సెల్ ఎన్నాళ్లు బతికిందన్నది మాత్రం వ్యాసం చివరి పేరాలో దాక్కుంటుంది.

అక్కడ ఎక్కువగా కనిపించే అంకె 1000 గంటలు. లెక్కేస్తే 41 రోజుల పైచిలుకు, అంటే ఒక అయ్యప్ప మండల దీక్ష! సిలికాన్ ప్యానెల్‌కు కంపెనీలు రాసిచ్చే వారంటీ 25 ఏళ్లు.

అసలు చిక్కు సెల్ లోపలి ద్రవంతోనే. రికార్డులు కొట్టే సెల్స్‌లో ఎక్కువగా వాడేది అసిటోనైట్రైల్ అనే ద్రావకం. పల్చగా ఉంటుంది, కరెంటును మోసే అయాన్లు చకచకా కదులుతాయి, అంకె బాగా వస్తుంది. కానీ అది 82 డిగ్రీలకే మరుగుతుంది. మే నెల కత్తిరి వెయిల్ (నడి వేసవి ఎండ) రోజుల్లో డాబా మీది గాజు ఎంత కాలుతుందో చెన్నైలో బట్టలు ఆరేసే ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. లోపల ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది, అంచుల్లోని ప్లాస్టిక్ సీలు మెత్తబడుతుంది, ద్రవం మెల్లగా జారుకుంటుంది. అదే సందులోంచి సముద్రపు తేమ లోపలికొస్తుంది. టైటానియం డయాక్సైడ్ మీద అతుక్కున్న రంగును నీరు ఊడగొడుతుంది. ద్రవంలోని అయోడిన్ కరెంటును బయటికి తెచ్చే వెండి తీగలను తినేస్తుంది. పైగా అల్ట్రావయొలెట్ తగిలితే టైటానియం డయాక్సైడే తన మీది రంగును కాల్చేస్తుంది.

వీటికి మందులు లేక కాదు. 2003లోనే నీటిని దగ్గరికి రానివ్వని పొడవాటి తోకలున్న జెడ్907 రంగును, జెల్‌లా గట్టిపడే ఎలక్ట్రోలైట్‌ను (ఆ లోపలి ద్రవాన్ని) కలిపి, 80 డిగ్రీల దగ్గర వెయ్యి గంటలు నిలబెట్టారు. సామర్థ్యం 6 శాతం మాత్రమే. నా లెక్కలో 15 కంటే ఆ ఆరే గొప్ప. అయోడిన్ బదులు రాగి సమ్మేళనాలు వాడితే వోల్టేజీ 1 వోల్టు దాటుతోంది, లోహాన్ని తినే బెడదా తగ్గుతుంది. రాగి ద్రావణాన్ని ఎండనిచ్చి ఘనంగా మార్చి పనిచేయించినవాళ్లూ ఉన్నారు. లీకవడానికి అసలు ద్రవమే లేకపోతే సీలు గురించి సగం టెన్షన్ పోతుంది. డబ్బు, తెలివి పోయాల్సింది ఇక్కడే.

‘సిలికాన్ ఇంత చవకైతే ఈ రంగునీళ్లు ఎవరికి?’ అంటారు. డాబా మీదకైతే నిజమే, అక్కడ సిలికాన్‌తో పోటీ పడటం అనవసరం. కానీ గది వెలుతురులో నడిచే సెన్సర్లకు, రిమోట్లకు ఈ సెల్ నప్పుతుంది. అక్కడ ఎండ వేడి, అల్ట్రావయొలెట్ బెడద కూడా తక్కువ. అయినా పదేళ్లు నిలవాలి. రెండేళ్లకే చచ్చే సెల్ కంటే పది రూపాయల బిళ్ల బ్యాటరీ నయం కదా!

మరి ఈ మన్నిక సంగతి మనకు పట్టనిదెందుకు? నా పాత గోల ఇక్కడికే వస్తుంది. మన పరిశోధనలో మొదటి రోజుకు మార్కులు, వెయ్యో రోజుకు సున్నా. కేంద్రం కాలేజీలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగు పేపర్లు లెక్కపెడుతుంది. పీహెచ్‌డీ కుర్రాడు ఐదేళ్లలో బయటపడాలి. మూడేళ్లపాటు డాబా మీద సెల్ పెట్టి ‘ఇది ఫలానా నెలలో పాడైంది’ అని రాస్తే ఏ జర్నల్ వేసుకుంటుంది? పాడవడమే అక్కడ ఫలితమని ఒప్పుకోం. బ్రిడ్జీలు, బోర్లు, మెట్రో లిఫ్టులు... ప్రారంభోత్సవానికి రిబ్బన్ ఉంటుంది, నిర్వహణకు ఏముంది?

ఇదే తమిళనాడులో కారైక్కుడిలోని కేంద్ర ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ సెక్రీ వాళ్లు రామేశ్వరం దగ్గరి మండపం ఊళ్లో ఇనుమునూ పెయింటునూ సముద్రపు గాలికి పెట్టి ఏళ్ల తరబడి చూస్తారు. సోలార్ సెల్‌కూ ఆ మర్యాద దక్కాలి. లుసాన్‌లో చల్లటి ల్యాబ్‌లో పుట్టిన వస్తువును పరీక్షించడానికి చెన్నై సముద్రతీరంలోని బెసంట్ నగర్ లాంటి కఠినమైన చోటు మనకు ఊరికే దొరికింది, వాడుకోవడం లేదు.

వచ్చేముందు ఆ గూడూరు కుర్రాడికి చెప్పాను, సెల్ పారేయకుండా హాస్టల్ డాబా మీద పెట్టి వారానికోసారి వోల్టేజీ రాసుకోమని. హాస్టల్‌లో డాబా తాళం ఇవ్వరట.