ప్రాజెక్టు వర్క్ గారికి ఒక తల్లి రాసుకున్న మనవి

గౌరవనీయులైన ప్రాజెక్టు వర్క్ గారికి,

హైదరాబాద్ నాగోలు నుంచి నమస్కరించి రాయునది. మీరు క్షేమమని తెలుసు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి కూడా స్టేషనరీ షాపు ముందు అమ్మలూ నాన్నలూ క్యూ కట్టారంటే, అది మీ చలవే కదా.

మీ చుట్టాలు గొప్పవాళ్లు. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో మెడికల్ విద్యార్థులకు పాఠం కంటే ముందు రోగి సమస్యను చేతిలో పెట్టి, ఏం చదవాలో మీరే తేల్చుకోండన్నారు. మన పదో తరగతిలోకి 2014-15లో సీసీఈ, అంటే నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. బట్టీ పోతుంది, పిల్లలు ఆలోచిస్తారు అన్నారు. ఏడాది పొడుగునా బడిలోనే వేసే ఫార్మేటివ్ మార్కుల్లో మీ పేరిట పది రాసిచ్చారు. ఆ పదీ మీరు వదల్లేదు. మిగతా సంగతే కాస్త అటూ ఇటూ అయింది.

మావాడికి 'నీటి కాలుష్యం' ఇచ్చారు. స్కూలు దాటి నాలుగడుగులు వేస్తే మూసీ. గట్టి వాన పడిందంటే తెల్లటి నురగ తేలుతుంది, ముక్కు మూసుకోకుండా బ్రిడ్జి దాటలేం. మావాడి చార్టు మీద మాత్రం ఢిల్లీ యమున నురగ ఉంది. షాపతని కంప్యూటర్లో సేవ్ చేసి ఉన్నది అదే మరి. చుట్టూ స్కెచ్ పెన్ బోర్డర్, కింద మెరుపుల జిగురుతో 'సేవ్ వాటర్'.

"అనంతగిరి కొండల్లో పుట్టిన నీళ్లు ఇక్కడికొచ్చేసరికి ఇట్లా ఎందుకయినయి?" అనడిగాడు వాడు. దానికి మీ ఫైల్లో చోటు లేదు. ఇండెక్స్ ఉంది, కృతజ్ఞతలు ఉన్నాయి, ముగింపు ఉంది. ప్రశ్న రాయడానికే పేజీ లేదు.

మీ తమ్ముడు డిజిటల్ బోర్డు గారూ కులాసాయే. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో నది మీద కార్టూన్ వేసి చూపించారు. నీళ్లు ఎంత నీలంగా ఉన్నాయో! తర్వాత అదే బోర్డు మీద ప్రశ్నలూ జవాబులూ వస్తే పిల్లలు నోట్సులో ఎక్కించుకున్నారు. ఇదివరకు టీచర్ నల్లబల్ల మీద రాసి చేతులు నొప్పి పుట్టించుకునేవారు, ఇప్పుడు ఆ బాధ తప్పింది. ఆవిణ్ణి అనేదేముంది, సిలబస్ అవగొట్టాలి, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, ఆ టెన్షన్ ఆవిడది.

మావాడికి పదికి పది వచ్చాయి. యమున దయ.

వచ్చే వారం 'వ్యర్థాల నిర్వహణ' అట. రెండు థర్మకోల్ షీట్లు తెమ్మన్నారు.

ఇట్లు,
మీ కత్తిరింపులు, అతికింపులు చూసుకునే
ఒక తల్లి